బావ వదులుకున్న ఆటగాడు

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి ఫుట్‌బాల్ క్లబ్బు చికిత్స గదిలో జట్టుకి గోల్స్ కొట్టే ఫార్వర్డ్ తన బావ పళ్లు రెండు రాలగొట్టాడు. బావ ఆ జట్టుకే ఫిజియో.

"అసలు ఆటగాళ్ల పేర్లతో ఫోన్లో నువ్వు కట్టుకునే ఫ్యాంటసీ లీగ్ టీముకి పదేళ్లుగా నేనే కెప్టెన్ని కదా బావా. రాత్రి అందులోంచి నన్ను వదులుకుని పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ని తెచ్చుకున్నావట. అక్క చెప్పి ఒకటే నవ్వు."

బావ నెత్తురు ఉమ్మాడు. "ఉత్తుత్తి ఆటకి నిజం పళ్లు రాలగొడతావురా?"

రెండో దెబ్బకు బావ తల గోడకు కొట్టుకుంది. "ఉత్తుత్తిదైతే నన్నెందుకు వదులుకున్నావు?"

బావ చూపు అతని మోకాలి మీదికి పోయింది. ఫార్వర్డ్ పిడికిలి గాల్లోనే ఆగింది.

"నా మోకాలి స్కాన్ నిన్న వచ్చిందిగా. వట్టి వాపేనన్నావు."

"అసలు సంగతి ఫైనల్ అయ్యాక చెబుదామనుకున్నా."

ఫైనల్ శనివారం. అతను ఆడొచ్చో లేదో తేల్చే పరీక్ష ఈ మంగళవారమే సాయంత్రం నాలుగింటికి. చేసేది బావే.