సాదియా ఎంచుకున్నవాడు

"అబ్బాజీ, నాకీ పెళ్ళొద్దు."

అబ్దుల్ రహీమ్ చేతిలో జిగురు కుంచె ఆగిపోయింది. నిఖాకి ఇంకా ఐదు రోజులే ఉన్నాయి. నరసరావుపేటలో ఆయన బైండింగు షాపుకి వచ్చిపోయే ప్రతివాడికీ శుభలేఖ అందింది.

పైగా ఈ పెళ్ళి కోసం కూతురు చేసిన యుద్ధం అంతా ఇంతా కాదు. ఏడు సంబంధాలు తిప్పికొట్టింది. "మీరు తెచ్చినోణ్ణి చేసుకోను, నేనే ఎంచుకుంటా" అని మొండికేసింది. చివరికి సెల్‌ఫోన్ల షాపు ఫైజల్‌ని ఎంచుకుంది. ఆయన ససేమిరా అన్నాడు. ఆర్నెల్లు కూతురితో మాట్లాడలేదు. రంజాన్ నెలంతా ఆమె అందించిన ఖర్జూరం ముట్టలేదు. ఆయన మెత్తబడిన రోజున సాదియా ప్రపంచాన్ని గెలిచినంత సంబరపడింది.

"ఏందే, ఏమైంది?"

సాదియా ఒక డైరీ తెరిచి ఆయన ముందు పడేసింది. ఫైజల్ నమాజుకి వెళ్ళినప్పుడు, పెన్ను కోసం అతని షాపులో సొరుగు లాగితే దొరికింది.

"చదవండి!"

*ఒకటి: రోజూ కళ్ళబడాలి. పదేపదే కనిపించే మనిషి అయినవాడిలా అనిపిస్తాడు.*

*రెండు: ఆమె ఇష్టాలే నా ఇష్టాలు కావాలి.*

*మూడు: ఆమె అంటే ఇష్టమని ముందు తెలియనివ్వాలి. తనని ఇష్టపడేవాళ్ళనే ఎవరైనా ఇష్టపడతారు.*

*నాలుగు: ఇద్దరం కలిసి ఒక్కసారైనా భయపడాలి. ఆ గుండెదడని మనసు ప్రేమనుకుంటుంది.*

ఇవి ఆమెకి కొత్త కాదు. బీఈడీలో తను రాసుకుని, అబ్బాజీ చేత అట్ట వేయించుకున్న సైకాలజీ నోట్సులో ఉన్నవే. చదువుకున్న పాఠానికే బోల్తా పడింది!

ఏడాదిపాటు తను సత్తెనపల్లి స్కూలుకి వెళ్ళే ఎనిమిదింటి బస్సులో అతనూ ఎక్కేవాడు. నరసరావుపేటలో షాపున్నవాడికి సత్తెనపల్లిలో ఏం పనని ఒక్కనాడూ అడగలేదు. తనకి వంకాయ పడదంటే "నాకూ పడదు" అన్నాడు. మొన్న అతని చెల్లి పెళ్ళిలో బగారా బైంగన్ వంకాయ కూర రెండుసార్లు వడ్డించుకున్నాడట. స్కూలు పిల్లల్ని ఎత్తిపోతల జలపాతానికి తీసుకెళ్ళిన రోజు రాళ్ళ మీద కాలు జారితే, ఎక్కడినుంచో వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆ రాత్రంతా నిద్రపట్టలేదు.

అదంతా ఒట్టి నాటకం. ఒళ్ళు మండిపోయింది. అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది.

"వాణ్ణి నిలదీశావా?" రహీమ్ గొంతు తగ్గించి అడిగాడు.

"లేదు. ముందు మీ దగ్గరికే వచ్చా. మీరు వద్దన్నప్పుడే వినాల్సింది." ఆమె ఏడ్చేసింది. "ఆర్నెల్లు మిమ్మల్ని శత్రువులా చూశాను. ఈ ఊళ్ళో నన్ను మోసం చెయ్యని మనిషి మీరొక్కరే, అబ్బాజీ."

రహీమ్ తలెత్తలేదు.

"పిల్లోడు చానా మంచోడు బేటీ. నువ్వంటే ప్రాణం."

"వాడి నీడ కూడా మన గడప తొక్కకూడదన్నది మీరే కదా?"

"అప్పుడేదో అన్నాన్లే. ఈ డైరీని జిగురు కాచే పొయ్యిలో పడేస్తా. ఎవరికీ చెప్పబాక."

"పొయ్యిలో ఎందుకు? పెద్దల ముందే పెడతా!"

ఆయన డైరీ మూయబోయాడు. ఆమె లాక్కుంది. ఆ పెనుగులాటలో పేజీ తిరగబడింది. వెనకవైపు కూడా ఫైజల్ గుండ్రటి అక్షరాలే ఉన్నాయి. కోపంలో ఇందాక పేజీ తిప్పి చూడలేదు.

*ఐదు: కాదంటే మనసు ఇంకా గట్టిగా లాగుతుంది కాబట్టి ఆర్నెల్లదాకా ఇంట్లో ఈ పెళ్ళికి ఒప్పుకోకూడదు, ఆ పని మాత్రం తనే చూసుకుంటానన్నాడు రహీమ్ చాచా.*