రెండో ఈల

ఈల వేయకముందే తాడు లాగానా, వేశాకే లాగానా? యాభై ఎనిమిదేళ్లుగా ఓపల్‌ను తొలిచేస్తున్న సందేహం ఇది. మరో పది నిమిషాల్లో తెర మీద తేలిపోతుంది.

కల్వర్ సిటీ చర్చి హాల్లో దీపాలు ఆర్పారు. పియానో మొదలైంది. పక్క కుర్చీలో లెస్టర్ కుంటికాలు చాపుకుని పాప్‌కార్న్ నములుతున్నాడు.

"ఎవరికీ గుర్తులేని మూకీ బొమ్మ. ఇంటికి పోదాం పద," అంది ఓపల్.

"ఏమే, ఏడేళ్లప్పుడు ఎంత ముద్దుగా ఉండేదానివో జనం చూడొద్దూ? ఇప్పటి మొహంతోనే సరిపెట్టుకోమంటావా?"

"నోర్మూసుకో."

తెర మీద పిల్లల దండు కిటికీలో చల్లారుతున్న కేకు కొట్టేయడానికి బయల్దేరింది. బుడ్డి లెస్టర్ నిచ్చెన ఎక్కుతున్నాడు. నిచ్చెనకు కట్టిన తాడు కింద రెండు జడల ఓపల్ చేతిలో ఉంది. డైరెక్టర్ మొదటి ఈలకు గడ్డిబండి నిచ్చెన కిందికి రావాలి. రెండో ఈలకు ఆమె తాడు లాగి, లెస్టర్ గడ్డిలో పడేలా నిచ్చెనను పడేయాలి. ఆ రోజు బండి రాకముందే లెస్టర్ పడ్డాడు. కాలు విరిగింది. పిల్ల తొందరపడి లాగేసిందన్నారంతా. జనం నవ్వుతారని ఆ ముక్కను మాత్రం బొమ్మలో ఉంచేశారు. ఓపల్ భయంతో ఆ బొమ్మ చూడనే లేదు; కొన్నాళ్లకు రీళ్లన్నీ పోయాయన్నారు.

'ప్రభువా, నువ్వు క్షమించావనే నమ్ముతున్నాను. మరి ఇతను?' ఓపల్ కళ్లు మూసుకోవాలనుకుంది. చేతకాలేదు.

తెర మీద లెస్టర్ కిందికి చూశాడు. వణికాడు. కళ్లు గట్టిగా మూసుకుని దూకేశాడు. అతని కాలు తగిలి నిచ్చెన ఒరిగింది. ఓపల్ చేతిలో తాడు ఇంకా వదులుగానే వేలాడుతోంది.

హాలంతా గొల్లున నవ్వింది. ఓపల్ లెస్టర్ వైపు తిరిగింది.

"నువ్వే దూకావా?"

"భయమేసింది. బండి వచ్చేదాకా అక్కడ నిలబడలేకపోయాను."

"ఇన్నేళ్లూ నీకు తెలుసా!"

"తెలుసు. నీకో నిజం బాకీ పడ్డాను. ఇవాళ్టికి తీర్చేశాను."

"నువ్వు తీర్చావా? ఈ రీలు ఎక్కడో దొరకబట్టి బయటపడింది గానీ!"

"ఎక్కడో కాదే, నా పెట్టెలోనే ఉంది," అన్నాడు లెస్టర్, ఆమె వైపు చూడకుండా. "ముందే చూపించి ఉంటే, ఇన్నేళ్లూ ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే సూపు గిన్నె పట్టుకుని నా గుమ్మం ఎక్కేదానివా?"