నడిమింట్లో నారు

నాగయ్య పొద్దున్నే లేచి నడిమింట్లోకి తొంగిచూశాడు. మళ్ళీ అవే ఈగలు. ఆవగింజంత నల్లటివి. తలుపు కదిలితే చాలు, గుప్పున లేస్తున్నాయి.

కిటికీ కింద పన్నెండు డాల్డా డబ్బాలు. వాటిలో కోడలు బసవమ్మ పోసిన మిరపనారు. నారని పేరే గానీ, మట్టి మీద ఒక్క మొలకా కనపడదు.

"వచ్చిన మొలక వచ్చినట్టే పోతంది మావా. ఈ ఈగల పురుగులు వేరు కొరికేస్తన్నయ్యి. రొంపిచెర్ల పోయి ఒక్క సీసా మందు తెచ్చిపెట్టు," అంది బసవమ్మ.

అడగడం అది మూడోసారి.

"మందు మాట ఎత్తమాక! ఈ గడపలోకి ఆ సీసా మళ్ళీ రాదు."

నిరుడు తెల్లదోమ పత్తినంతా నాకేసినప్పుడు ఆయన కొడుకు మస్తాన్‌రావు పురుగుమందు తాగింది ఈ నడిమింట్లోనే. ఆ వాసన నాగయ్య ముక్కుని ఇప్పటికీ వదల్లేదు. మిగిలిన సీసాలన్నీ ఆనాడే చేలో గుంట తీసి పాతిపెట్టాడు.

అప్పట్నుంచీ బసవమ్మకి పలుకు లేదు. పెడితే తినేది, లేకపోతే లేదు. మొన్న తొలకరికి తనంతట తానే నోరు తెరిచి, "నారు పోసుకుంటా మావా, విత్తనాలియ్యి," అంది. ముసలాయనకి ప్రాణం లేచొచ్చింది. ఏరి దాచిన విత్తనాలు గుడ్డలో పోసి, పీటముడి వేసి, చేతిలో పెట్టాడు. వాకిట్లో కోళ్ళు కెలుకుతాయని ఆమె అంటే, డబ్బాలు తనే లోపలికి మోశాడు. పిల్ల మళ్ళీ బతుకులో పడుతోంది, అంతకంటే ఏం కావాలి!

ఈ నారు దక్కాలి. నారు దక్కితేనే పిల్ల దక్కుతుంది. నాగయ్య మొండిపట్టు పట్టాడు.

మట్టి తడిగా ఉంటేనే ఈ ఈగలు పుడతాయని నీళ్ళు మానిపించాడు. మట్టి మీద ఎండు ఇసుక పరిచి, బూడిద చల్లాడు. వేపపిండి కలిపాడు. డబ్బాల పసుపుపచ్చ రంగుకే ఈగలు ఎక్కువ వాలుతున్నాయని కనిపెట్టి, డబ్బాలన్నిటికీ చుట్టూ ఆముదం పూశాడు.

అయినా రోజూ పొద్దున చూస్తే మట్టి తడే. గంజి వాసన.

"నువ్వు పోశావా అమ్మాయ్?"

"నేను పొయ్యలా మావా."

పక్కింటి కోటమ్మ గొంతు తగ్గించింది. "మీవాడేమో బాబాయ్. నారంటే చానా పేణం గదా పాపం."

నాగయ్య ఆ మాట నమ్మాడు. పనులన్నీ మానుకుని నడిమింటి గడపకి అడ్డంగా మంచం వేశాడు. తిండీ నిద్రా అక్కడే. "ఒరేయ్ మస్తానూ, నీళ్ళు పొయ్యమాకరా నాయనా. నీ పెళ్ళాం నారు కుళ్ళిపోద్దిరా," అని ఖాళీ గదికి చెప్పుకుని ఏడ్చాడు.

ఎవరూ రాలేదు. మట్టి పొడిబారింది. వారం తిరిగేసరికి ఈగలన్నీ ఆముదానికి అంటుకుపోయాయి. ఎగిరేది ఒక్కటీ మిగల్లేదు.

"చూశావా అమ్మాయ్! మందూ గిందూ లేకుండానే పోయినయ్యి! ఇంక సీసాతో మనకి పనేంది?" పిల్లాడిలా అరిచాడు నాగయ్య.

బసవమ్మ చెంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. సంతోషమేలే అనుకుని ఆయనా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె బావికి వెళ్ళాక, పోయిన మొలకల బదులు నాలుగు గింజలు తనే నాటుదామని, మిగిలిన విత్తనాల కోసం ఉట్టి మీద చెయ్యి పెట్టాడు.

మూట నిండుగా చేతికి తగిలింది, ఇచ్చిన రోజు తను వేసిన పీటముడి ఇంకా విప్పనేలేదు.