గడ్డం మీద పులుసు

అల్లుడి పెదవి బతికుందో చచ్చిందో తేల్చుకోవడానికి పోతమ్మ కోనాం చేపల పులుసు పెట్టింది.

ఎల్లుండితో సముద్రంలో చేపల వేట నిషేధం అయిపోతుంది. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ రంగులేసుకుని, ఐసు నింపుకుని సిద్ధంగా ఉన్నాయి. పోతమ్మ బోటుకి మాత్రం డ్రైవరు లేడు. ఉన్నాడు గాని, అరుగు మీద మంచమేసుకుని పడుకున్నాడు. పేరు కొండలరావు. ఇల్లరికం అల్లుడు.

నిషేధం రోజుల్లో అతగాడు కుడివైపు కింది జ్ఞానదంతం పీకించుకున్నాడు. పన్ను వంకరగా ఉందట, పీకేటప్పుడు కింద నరం నలిగిందట. ఆ పక్క పెదవీ గడ్డమూ మొద్దుబారిపోయాయి. మెల్లిగా తిరిగొస్తుంది, నెలలు పట్టినా పట్టొచ్చు అన్నాడు డాక్టరు. బూరెలా పొంగిన ఆ కుడి బుగ్గని చూసి అప్పట్లో పోతమ్మే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాపు పోయింది. మొద్దు మాత్రం పోలేదంటాడు.

"పెదివితో తోల్తావేటి బాబూ బోటు?" అంది ఓ రోజు విసుగొచ్చి.

"వైర్‌లెస్‌లో మాటాడాలి గదత్తా. నా మాట నాకే అరదం కాదు," అన్నాడు కొండలరావు. ఆ మాట మాత్రం వీధి చివరిదాకా శుభ్రంగా అర్థమైంది.

అబద్ధమని తేలితే బోటు పక్కింటి డ్రైవరు ఎల్లాజీకి శాశ్వతంగా అప్పగించేస్తానని పోతమ్మ గంగమ్మ మీద ఒట్టేసింది. మరి నిజమైతే? దెబ్బ తిన్నవాడి పొట్ట కొడితే ఆ గంగమ్మే ఊరుకుంటుందా? పాపం, ఆవిడకి కంటి మీద కునుకు లేదు.

ఉపాయం చెప్పింది కూతురు సూర్యకళ. పెళ్ళయి నిండా ఏడాది కాలేదు, మొగుడంటే అప్పుడే మొహం మొత్తినట్టుంది. "ఎప్పుడెల్తాడే అమ్మా ఈడు సముద్రానికి? రోజల్లా ఇంట్లోనే ఉండి నా పేనం తీసేత్తన్నాడు," అని అరవని పూట లేదు.

"పులుసొండమ్మా. నాను సెయ్యెట్టను, తర్వాత నన్ననొద్దు. ఎదురుగా ఎడితే నటిత్తాడు. దొంగతనంగా తిన్నోడు నటించడు గదా, మూతి తుడిసేసుకుంటాడు. నిజంగా మొద్దుబారితే ఆ పక్క అంటుకున్నది ఆడికి తెలీదు. అలాగే ఉండిపోద్ది."

ఇది పోలీసుల్లో ఉండాల్సిన పిల్ల అని పోతమ్మ తెగ మురిసిపోయింది.

చేపల పులుసు మర్నాటికే రుచి. ఆ సంగతి తెలియని ఇల్లు హార్బర్ చుట్టుపక్కల లేదు. అందుకే దాకకి మూతపెట్టి వంటింట్లో వదిలేస్తే ఎవరికీ అనుమానం రాదు. "మొద్దు మూతికి ముల్లు గుచ్చుకున్నా తెలీదు, నీకు జావే," అని అల్లుడికి గ్లాసుడు జావ పోసి, పోతమ్మ పడుకుంది.

తెల్లారి చూస్తే దాకలో ముళ్ళే మిగిలాయి. అరుగు మీద కొండలరావు గుర్రు పెడుతున్నాడు. మూతి కడిగినట్టుంది. గడ్డం మీద మాత్రం పులుసు చారలు కట్టి ఎండిపోయింది.

పోతమ్మ గుండె నీరైపోయింది.

"ఓలమ్మో! నిజంగానే సచ్చిపోనాదే పెదివి! బంగారమంటి అల్లుణ్ణి అనుమానించేసినాను, నా నోట్లో మన్నడిపోను! బాబూ, లెగు. ఎల్లాజీ నీ బదులు నాలుగు రోజులు తోల్తాడంతే. నీకు నయమయ్యేదాకా ఇంటికాడే ఉండు. బోటు ఎప్పటికీ నీదే."

"నాకేటీ తెలీలేదత్తా," అని మూలిగాడు కొండలరావు.

"సూసినావా? ఇంక ఈణ్ణి ఎన్నాళ్ళు భరించాలో," అని గుమ్మంలోంచి నిట్టూర్చింది సూర్యకళ.

చెంగు తడిపి అల్లుడి గడ్డం తుడవబోయింది పోతమ్మ. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. చార ఎడమ పక్కనుంది.

పీకించుకున్నది కుడి పన్ను. ఎవడి మూతికి వాడు పూసుకుంటే పక్క తప్పడు. నిద్రపోయేవాడికి ఎదురుగా కూర్చుని, తన కుడే వాడి కుడి అనుకుని పూస్తేనే ఇలా అవుతుంది.

"సూర్యకళా, ఇలాగ్రా. ఆ సెయ్యి సూపించు."

కొండలరావు కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు. సూర్యకళ చెయ్యి వెనక్కి దాచుకుంది, ఇక లాభం లేదని ముందుకు చాపింది. పులుసు ముట్టనన్న పిల్ల చూపుడువేలి గోరంతా పసుపు.

"పెదివి వచ్చేసి వారమైందమ్మా," అంది తల వంచుకుని. "పెళ్ళైన కాడ్నించీ ఆడు ఒడ్డునున్నది ఈ నిషేధంలోనే. ఇంకొన్నాళ్ళు నా కాడుంటే నీ సముద్రం ఎండిపోద్దేటి?"