గోడకు తిరిగిన మనిషి

"ఇంకా అక్కడే ఉన్నాడా వాడు? పొద్దున పదింటి నుంచీ నిలబడ్డాడు, కాళ్లు నొప్పి పుట్టవా?"

రిందలా పళ్లు కొరికింది.

గదిలో ఆమె వేసిన బొమ్మలు తొమ్మిది. ఒక్కదాని ముందూ నరపురుగు లేదు. జనమంతా మూలనున్న ముసలాయన చుట్టూ మూగి ఫోన్లు పైకెత్తారు.

బోడిగుండు, ఎవరో దానమిచ్చినట్టున్న వదులు కోటు, ప్లాస్టిక్ చెప్పులు. ఎవరు దగ్గరికొచ్చినా గబుక్కున గోడకు ముఖం తిప్పుకుంటున్నాడు. చేతులు వీపు వెనక్కి పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుంటున్నాడు. వాళ్లు పక్కకు తప్పుకున్నాక మెల్లగా తిరిగి బొమ్మలు చూస్తున్నాడు.

"ఆహా, ఏం నటన!" అంది పత్రికలో కళల గురించి రాసే ఒకావిడ. "ఆ వణుకు చూశారా?"

"వాసిఫ్ బుర్రే బుర్ర," అన్నాడు పక్కాయన.

ఆ పేరు వినగానే రిందలాకు ఒళ్లు మండిపోయింది.

బీరూట్ రేవు పక్కన మూతపడ్డ బిస్కెట్ల ఫ్యాక్టరీ అది. ఇరవై ముగ్గురు కళాకారులు దాన్ని గదులుగా పంచుకున్నారు. ఏడాదికి మూడు రోజులు తలుపులన్నీ బార్లా తెరిచి జనానికి చూపిస్తారు. వాసిఫ్‌ది ఎదుటి గది. అతను కుంచె పట్టడు. మనుషులకు వేషం కట్టి, చెప్పాపెట్టకుండా పక్కవాళ్ల గదుల్లోకి తోలుతాడు. నిరుడు ఒక శిల్పి గదిలోకి ఏడ్చే పెళ్లికూతురిని పంపాడు. ఆ శిల్పి నిజమే అనుకుని మంచినీళ్లిచ్చి ఊరడిస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. పాపం, ఏడాదంతా తలెత్తుకోలేకపోయాడు ఆ మనిషి.

ఎవరితోనైనా ఆడుకోనీ. ఈ గదిలోనా?

ఈ తొమ్మిది బొమ్మలూ రిందలా నాన్న నసీబ్‌వి. ఆమెకు రెండేళ్లప్పుడు, యుద్ధంలో, చెక్‌పోస్టు దగ్గర ఆయన్ని కారులోంచి దింపి పట్టుకుపోయారు. మళ్లీ జాడ లేదు. అలా పట్టుకుపోయినవాళ్లను దాచిన సరిహద్దు అవతలి జైళ్ల తలుపులు ఈమధ్య తెరిచినప్పుడు, రిందలా ఆయన పెళ్లిఫోటో పట్టుకుని పదకొండు రోజులు తిరిగింది. ఒక్కరూ గుర్తుపట్టలేదు. అమ్మ ఆ దిగులుతోనే పోయింది. ఆ ఫోటో చూసే ఈ బొమ్మలు వేసి, తలుపు మీద పెద్దక్షరాలతో రాసింది: 'ఈయన్ని చూసినవాళ్లుంటే నాకు చెప్పండి.'

ఆ రాత కూడా కళే అనుకుని దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు జనం. ఏమనాలి వీళ్లని?

రిందలా గుంపును తోసుకుంటూ వెళ్లింది.

"చాల్లే, ఆపు. ఎవరు పంపారు నిన్ను?"

ముసలాయన కళ్లు తెరిచాడు. "నువ్వేనా అమ్మా, నసీబ్ కూతురివి?"

"అడిగినదానికి చెప్పు. ఎవరు పంపారు?"

అతను గుంపుకేసి బెదురుగా చూశాడు. "వీళ్లందరి ముందూ వద్దు తల్లీ."

ఎవరో కిసుక్కున నవ్వారు.

అతను బొమ్మ వైపు వేలు చూపించాడు. "ఈ జుట్టు తప్పు. నల్లగా వేశావేం? అదంతా తెల్లబడిపోయిందిగా!"

చప్పట్లు మోగాయి.

"సిగ్గు లేదూ?" రిందలా గొంతు చించుకుంది. "మా నాన్నే దొరికాడా నీ ఆటకి? ముప్పై రెండేళ్లకే మాకు లేకుండా చేశారు ఆయన్ని. ఆ తల తెల్లబడితే చూసే అదృష్టం మాకెక్కడ ఏడ్చింది? వెక్కిరించడానికి వచ్చావా?"

అతని రెక్క పట్టుకుంది. పట్టుకోగానే అతను బిగుసుకుపోయాడు. ఎదురు తిరగలేదు. తల వంచుకుని ఆమె లాగినట్టల్లా నడిచాడు.

గేటు బయటికి గెంటి, "మళ్లీ ఇటొచ్చావంటే పోలీసులను పిలుస్తా!" అంది.

పోలీసులనగానే ముసలాయన పరుగందుకున్నాడు. ఒక చెప్పు రోడ్డు మీదే ఉండిపోయింది. ఆ పరుగుకు కూడా చప్పట్లు కొట్టారు దౌర్భాగ్యులు.

నాలుగింటికి వాసిఫ్ వచ్చాడు. రిందలా ఎదురెళ్లి చొక్కా పట్టుకుంది.

"నీకేం ద్రోహం చేశానురా? మనిషివేనా నువ్వు?"

"ఏమైంది రిందలా? ఇప్పుడేగా వస్తున్నా!"

"ఆ ముసలాణ్ని నా గదిలోకి తోలింది నువ్వు కాదూ?"

"ఏ ముసలాణ్ని? మా అమ్మ వారం నుంచి ఆస్పత్రిలో ఉంది. ఈసారి నేను ఎవరికీ వేషం కట్టలేదు. ఒట్టు."

రిందలా చొక్కా వదిలేసింది. గేటు వైపు పరుగెత్తింది.

కాపలా కాసే అబూ ముంజిద్ కాఫీ తాగుతున్నాడు.

"బాబాయ్, ఆ ముసలాయన ఎటు పోయాడు?"

"వంతెన కింద వ్యాను ఎక్కేశాడమ్మా."

"ఏ ఊరి వ్యాను?"

"చూళ్లేదు. అక్కడ పది ఊళ్లవి ఆగుతాయిగా."

"పేరేమన్నా చెప్పాడా?"

"లేదే."

"లోపలికొచ్చేటప్పుడు నీతో ఏదో ఒకటి అని ఉంటాడు కదా! గుర్తు తెచ్చుకో బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటా!"

అబూ ముంజిద్ కప్పు కింద పెట్టాడు. ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"వాసిఫ్ నేర్పిన మాటలే అనుకుని నవ్వి పంపేశానమ్మా. 'ముప్పై ఏళ్లు ఒకే జైలు గదిలో ఉన్నాం, నసీబ్ నడవలేడు, కూతురు బతికుంటే ముసలివాడైన తనను గడప తొక్కనిస్తుందేమో కనుక్కుని రమ్మని నన్ను పంపాడు' అన్నాడు."