రాజు ఏ చేత్తో కత్తి పట్టాడు?

పేచ్చిముత్తు దొంగ కాదని తేలాలంటే, ఆదివారం సాయంత్రం సినిమా ఆటకి వెళ్ళానని రుజువు చేసుకోవాలి. ఆ ఆట నడుస్తున్నప్పుడే చోళపురం తోటలో లక్ష్మణన్ గారి పత్తి మూటలు రెండు మాయమయ్యాయి. దొంగే అని తేలితే కూలిపని పోతుంది, గుడిసె పోతుంది, పెళ్ళాం గురువమ్మాళ్‌తో సహా ఊరు వదలాలి. అనుమానం అతని మీదే ఎందుకొచ్చిందంటారా? అలాంటివి అడగడం మర్యాద కాదు.

తీర్పు చెప్పేది బొమ్మయ్య గారు. రాజపాళయంలో టాకీసు కట్టించిన మహానుభావుడు. పందొమ్మిదివందల ముప్పై ఆరులో హాలు తెరిచిన రోజు, "దీపం ఆర్పితే అందరూ ఒకటే!" అని ఉపన్యాసం దంచాడు. జనం చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టారు.

"సత్తియంగా నేను టాకీసు కొట్టాయిలోనే ఉండినాను సామీ," అన్నాడు పేచ్చిముత్తు.

"అవును సామీ, మాతోనే చూసినాడు," అన్నారు అతని వీధివాళ్ళు నలుగురు. అదే వీధి సాక్ష్యం చెల్లదని కొట్టేశారు. న్యాయమంటే అంత నిక్కచ్చిగా ఉండాలి మరి.

బొమ్మయ్య మీసం దువ్వాడు. ఆ సినిమా ఆయన పదకొండుసార్లు చూశాడు.

"ఏరా, చూసినానంటావే! ఆట ముగిసే కడాశిలో రాజు పగవాడితో కత్తి సండ వేసినాడు గదా, ఏ చేత్తో పట్టినాడు కత్తి?"

పేచ్చిముత్తుకి ప్రాణం లేచొచ్చింది. ఇంత సులువైన ప్రశ్నా!

"ఎడమ చేత్తో సామీ! నా రెండు కండ్లతో చూసినాను."

సభ గొల్లున నవ్వింది. లక్ష్మణన్ గారికైతే నవ్వి నవ్వి పొట్ట పట్టుకోవాల్సి వచ్చింది.

"కుడి చెయ్యిరా, దొంగనాకొడకా! ఊరంతా చూసినాము!" అన్నాడు బొమ్మయ్య.

"లే సామీ, ఎడమే..." అన్నాడు పేచ్చిముత్తు. తన కళ్ళే తనకి ద్రోహం చేశాయా?

వెనక నిలబడ్డ నలుగురూ కూడా "ఎడమే సామీ" అన్నారు. అయిదుగురూ కూడబలుక్కుని వచ్చారని బొమ్మయ్య ఇట్టే పట్టేశాడు. ఆయన తెలివికి ఊరు ఊరే మురిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే గురువమ్మాళ్ తట్టాబుట్టా నెత్తికెత్తుకుంది. ఇద్దరూ సేత్తూరు దారి పట్టారు. టాకీసు దాటాక ఆమె ఆగింది.

"నాతోనన్నా నిజం చెప్పయ్యా. పోయినావా, లేదా?"

పెళ్ళాం కూడా నమ్మలేదని పేచ్చిముత్తు నడిరోడ్డు మీదే ఏడ్చేశాడు.

ఆ టాకీసు తెరిచిన రోజు నుంచీ పేచ్చిముత్తు వీధివాళ్ళకి ఇచ్చిన చోటు తెర వెనకాల, కుడి ఎడమగా కనిపించే వైపు.