ఖాళీ మూల

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ వేరుశనక్కాయలు ఒలవడం ఆపండి. మాటలు కూడా. ఇది 2009 చలికాలంలో, అమెరికాలోని అరోరా ఊరి లైబ్రరీలో జరిగింది. అబద్ధమైతే నా నాలుక కొయ్యండి.

షెన్ అనే చైనా ముసలాయన అక్కడ తన బొమ్మలు పెట్టాడు. వాటిలో ఆకారం ఉండదు. గోడకు సిమెంటు మెత్తినట్టు రంగు మెత్తుతాడు. ఒక్కోదాన్ని నలుగురు మొయ్యాలి. ఆ నలుగురు ఎక్కడున్నారు? ముప్పై ఏళ్లుగా ఆయన ఇంట్లో ఉన్నది ఒకటే కుర్చీ.

బొమ్మను మనసారా చూసినవాళ్లు దానిమీద ఎర్రటి ముద్ర వేయడం వాళ్ల దేశపు పాత ఆచారం. అందుకే ప్రతి బొమ్మలోనూ ఒక మూల ఖాళీగా వదిలేవాడు. ఒక్క ముద్రా పడలేదు. ప్రదర్శన ఆఖరి రోజైన ఆ రోజు కూడా పడకపోతే కుంచెలు చెత్తబుట్టలో పడేయాలనుకున్నాడు.

సాయంత్రం దాకా వచ్చినవాళ్లంతా అడిగింది ఒకటే. "బాత్‌రూమ్ ఎటు?"

మూసేసే వేళకు లక్ష్మీకాంతమ్మ వచ్చింది, మనవరాలు స్మృతి చెయ్యి పట్టుకుని. గుడి నుంచి వస్తున్నారు. మంకీక్యాప్, మఫ్లర్, నల్లద్దాలు, రెండు స్వెట్టర్లు. నడిచొచ్చిన బట్టలమూట! నేరుగా ఒక బొమ్మ మీద చెయ్యి వేసింది.

"అమ్మమ్మా, టచ్ చేయకూడదు!"

"తడిమి చూడకుండా చీర కొంటామా?"

పావుగంట తడిమింది. "దారి చాలా పొడుగే. నడిచినవాడు ఒక్కడే, పాపం" అంది.

స్మృతి ఇంగ్లిష్‌లో చెప్పింది. షెన్ గోడ పట్టుకున్నాడు. ఆ బొమ్మలో ఉన్నది ఆయన ఊరు విడిచి వచ్చిన దారి.

"ఈ మూలేంటే, బోడిగా ఉంది? కొత్తదానికి బొట్టు కూడా పెట్టలేదా?" అంటూ గుడి కుంకుమ పొట్లం విప్పి, అక్కడ బొటనవేలు గట్టిగా అద్దింది.

షెన్ వెక్కివెక్కి ఏడ్చాడు. "నా బొమ్మను చూసిన మొదటి మనిషి ఈవిడే" అన్నాడు. స్మృతి ఆ మాట తెలుగులో చెప్పేసరికి, కారు పార్క్ చేసి లోపలికొస్తున్న తాతయ్య ధర్మారావు చెవిన పడింది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"చూసిందా? రెండు కళ్లూ పోయి పన్నెండేళ్లయింది, చూపొస్తే ముందు నా మొహం కదటే చూడాలి!"